దూది నోట్లో ఏముంది

పొద్దున్నే లేచి ఎస్తరమ్మ మొదట చూసేది పొయ్యినీ కాదు, వాకిలినీ కాదు, నేలను. వంటింటి మూల నుంచి వీధి గడప దాకా నడుము వంచి నడుస్తుంది. చింతగింజ, జాకెట్టు హుక్కు, మాత్రల రేకు, పాల ప్యాకెట్టు కత్తిరించిన కొస, ఏది దొరికినా కొంగు చివర వేసి ముడి పెట్టుకుంటుంది. ఆమె వెనకాలే ఒక చిన్న కుక్క తోకాడించుకుంటూ వస్తుంది. ఆమె కంటికి ఆననిది దాని ముక్కుకు ఆనుతుంది. ఆమె భయమంతా అక్కడే.

ఆ కుక్క పేరు దూది. తెల్లటి బొచ్చు, మిరియపు గింజల్లాంటి కళ్ళు, అరిస్తే మాత్రం వీధి చివరి దాకా వినబడే గొంతు. ఒళ్ళు తడిస్తే పిల్లి అంత కూడా ఉండదు. ఆమె భర్త ఎబినేజర్ జమ్మలమడుగు డిపోలో కండక్టరు. ఒకరోజు పులివెందుల బస్సు దిగి ఇంటికొచ్చి, భుజానికున్న సంచి లోంచి దాన్ని తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతూ బస్టాండులో వదిలేసి పోయారట.

"దీనికి టికెట్టు కొట్టినావా?" అని అడిగింది ఎస్తరమ్మ.

"సంచిలో పట్టేదానికి టికెట్టు యాడ కొడతారు మే? ఇది మనిషీ గాదు, లగేజీ గాదు" అన్నాడాయన.

పిల్లలు లేని ఇల్లు అది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు పెరిగాయి. ఆమెతో చెప్పనివి ఆయన కుక్కతో చెప్పేవాడు, కుక్కతో చెప్పేవి ఆమె వంటింట్లోంచి వినేది.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఛాతీలో గ్యాస్ పట్టినట్టుందన్నాడు. సోడా తాగాడు. ఆమె వాము వేయించి పొడి కొట్టి ఇచ్చింది. గ్యాసే, తగ్గిపోతుందిలే అని ఆమె అంది, ఆయనా అన్నాడు. ఆటో ఆసుపత్రి వాకిట్లో ఆగేసరికి ఆయన తల ఆమె భుజం మీద బరువుగా వాలి ఉంది. అంత చిన్నదానిలో అంత పెద్దది దాక్కుని ఉంటుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు. తెలిసిన తర్వాత ఆమెకు చిన్నవంటూ ఏవీ మిగల్లేదు.

ఆయన పోయాకే దూదికి నమిలే పిచ్చి పట్టుకుంది. సాయంత్రం బస్సు హారన్ వినబడితే గేటు దాకా పరిగెత్తడం, కాసేపు నిలబడి చూడడం, లోపలికొచ్చి ఆయన చెప్పులు నోట కరుచుకుని మంచం కిందికి దూరడం. ఎస్తరమ్మ అడ్డు చెప్పలేదు. తనకూ ఏదో ఒకటి కొరుక్కుంటూ కూర్చోవాలనే ఉండేది, కానీ మనుషులు అలా కూర్చుంటే ఊరుకోరు కదా. ఒకరోజు చెప్పు అడుగున తుప్పు పట్టిన మేకు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉండడం చూసింది. ఆ చెప్పులు తీసి పెట్టెలో పెట్టేసింది. ఇక అక్కడి నుంచి దూదికి కనబడిందల్లా చెప్పే. చీపురు కట్ట, గుమ్మంలో కాళ్ళు తుడిచే పట్టా, ఫోను ఛార్జరు వైరు, మామిడి టెంక. ఒకసారి పక్కింటి గుల్జార్‌బీ ఇంట్లోంచి వాళ్ళ మనవడి సాక్సు పట్టుకొచ్చింది.

"దానికేదన్నా బొమ్మ కొనీమ్మా" అంది గోడ అవతల నుంచి గుల్జార్‌బీ. "ల్యాకుంటే రేప్పొద్దన మా ఇల్లే నమిలేట్లుండాది."

బస్టాండు ముందర తోపుడుబండి మీద పిల్లల బొమ్మలు అమ్ముతుంటే ఒక పసుపుపచ్చ బాతు కొనుక్కొచ్చింది ఎస్తరమ్మ. నొక్కితే కీచుమంటుంది. దూది ఆ బాతును వదిలితే ఒట్టు. ఇల్లంతా కీచు కీచుమని ఒకటే గోల. ఎస్తరమ్మకు ఆ గోల బాగుండేది. బియ్యం ఏరుతున్నా, బట్టలు ఉతుకుతున్నా ఒక చెవి అటే ఉండేది, కీచుమన్నంత సేపు అంతా బాగున్నట్టే.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే ఆ చప్పుడు ఆగిపోయింది.

చేతిలోని తడి చీర అక్కడే పడేసి లోపలికి వచ్చింది. బాతు కడుపు చీలిపోయి ఉంది. లోపల కీచుమనే చిన్న బిళ్ళ ఉండాలి, అది లేదు. దూది మూతి నాక్కుంటూ ఆమె వైపు చూసింది. నేల మీద లేదు, మంచం కింద లేదు, దాని నోట్లో వేలు పెట్టి తిప్పితే అక్కడా లేదు. ఎస్తరమ్మ దాన్ని చంకలో పెట్టుకుని, గేటు కూడా వేయకుండా పశువుల ఆసుపత్రి దారి పట్టింది.

అక్కడ బర్రెలూ గొర్రెలూ వరుసలో ఉన్నాయి. గొర్రెను మెడ మీద వేసుకుని నిలబడ్డ ఒకాయన ఎస్తరమ్మ చంకలోకి తొంగి చూశాడు.

"ఏంది మ్మా, కుందేలా?"

"కుక్కప్పా."

"ఇదీ కుక్కేనా? ఇది కరిస్తే దోమ కుట్టిందనుకోని గోక్కోవల్ల."

 ఆమె మొహం చూసి ఆయన నవ్వు ఆపేశాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. చెప్పింది. వెంటనే ఆయన ముందున్న వాళ్ళను పక్కకు జరిపాడు. "జరగండప్పా, ఆ యమ్మను పోనీండి ముందు. బిళ్ళ మింగిందంట ఆ జీవం."

డాక్టరు తన్మయి కొత్తగా వచ్చిన అమ్మాయి. దూది కడుపు చేత్తో తడిమి చూసింది. మింగి ఎంతసేపయిందో, ఆ బిళ్ళ ఎలా ఉంటుందో అడిగింది. నున్నగా గుండ్రంగా ఉంటుందని, అరగంట కూడా కాలేదని ఎస్తరమ్మ చెప్పింది. ఒక సూది వేశాక దూది కక్కింది. పెరుగన్నంతో పాటు తెల్లటి బిళ్ళ జారి పడింది. ఎస్తరమ్మ వంగి దాన్ని ఏరి కొంగు చివర ముడి పెట్టుకుంది.

"అది నున్నగా ఉంది కాబట్టి కక్కించానమ్మా" అంది తన్మయి. "వాడిగా ఉండేది మింగితే మాత్రం కక్కించకూడదు. లోపలికి పోయేటప్పుడు గీసింది, వచ్చేటప్పుడు ఇంకా గీస్తుంది. అసలు పిల్లల బొమ్మ దీనికి ఎందుకిచ్చారు? పిల్లలు బొమ్మతో ఆడుకుంటారు. కుక్కకు దాని లోపల ఏముందో చూడాలనుంటుంది."

"మరి ఏమియ్యల్ల తల్లీ? ఏదో ఒకటి నమలకుంటే ఉండదు."

"నమలనీండి, దానికి మంచిదే. కానీ మొత్తంగా నోట్లో పట్టేది వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. అతికించిన కళ్ళూ గుండీలూ ఉండేవి వద్దు. మీ గోరుతో గట్టిగా నొక్కి చూడండి. కొంచెం లొంగాలి. గోరు ఆననంత గట్టిగా ఉంటే దీని పండ్లు విరుగుతాయి. ముక్కలు ఊడొచ్చేంత మెత్తగా ఉంటే ఆ ముక్కలు మింగుతుంది. ఇంకొకటి, ఉడికిన ఎముక ఎప్పటికీ పెట్టొద్దు. ఉడికితే అది పెళుసవుతుంది, సూదుల్లాగా చీలుతుంది."

ఎస్తరమ్మ చదివింది నాలుగో తరగతి. రాసుకునే అలవాటు లేదు. దారి పొడుగునా ఆ మాటలు బైబిలు వాక్యాలు కంఠతా పట్టినట్టు పెదవుల మధ్యే అనుకుంటూ ఇంటికి వచ్చింది.

మరుసటి వారం ప్రొద్దుటూరుకు బయలుదేరింది. దూది నిద్రపోతున్నప్పుడు దాని మూతి చుట్టూ, దవడ వెడల్పునా దారం పెట్టి కొలుచుకుని, కొలత దగ్గర ముడివేసి ఆ దారం పర్సులో పెట్టుకుంది. కుక్కను గుల్జార్‌బీకి అప్పగించి, ఏదీ పెట్టవద్దని చెప్పి, బస్సెక్కాక కూడా ఫోను చేసి మళ్ళీ చెప్పింది.

కమాల్ బాషా అంగట్లో ముందంతా గాజు తొట్లలో చేపలు, వెనక చిలకల పంజరాలు, గోడ నిండా కుక్కల సామాన్లు. ఆమె పర్సులోంచి దారం తీయగానే అతను నవ్వాడు.

"బంగారంగట్లోకి గాజుల సైజు తెచ్చినట్ల కుక్క నోటి సైజు తెచ్చినావేందక్కా?"

"చిన్న కుక్కప్పా. దీనికంటే పెద్దదుండల్ల."

అతను తెల్లటి తోలు చుట్టి రెండు పక్కలా ముడివేసిన ఎముకను తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తీస్కపో. శానా పోతాది ఇది. తోలే కాబట్టి మింగినా అరుగుతాది."

"నీళ్ళల్లో ఏస్తే ఉబ్బుతాదా?"

"ఉబ్బుతాదేమో. నేనెప్పుడూ నానబెట్టి సూడ్లేదు."

"ఒకటి ఏసి సూడప్పా. ఆ ఒక్కదానికి నేను దుడ్లిస్తా."

కమాల్ బాషా ఆమె వైపు ఒకసారి చూశాడు. ఏమనుకున్నాడో, చేపలకు నీళ్ళు పోసే మగ్గులో ఒక తోలు ఎముకను వేసి పక్కన పెట్టాడు. ఆలోగా ఎస్తరమ్మ గోడంతా చూసింది. రంగురంగుల నవారు ముడి ఉంది, దాని కొసలు లాగితే పోగులు వేళ్ళకు వచ్చాయి. ఆ పోగులు పేగులకు చుట్టుకుంటే? వెనక్కి పెట్టింది. చిన్న బంతి ఉంది, దారంతో కొలిస్తే దవడలో సగానికి కూడా రాలేదు. అది మింగుడు పడక గుటకలు వేస్తున్న దూది ఆమె కళ్ళ ముందు ఆడింది. దాన్ని ముట్టుకోను కూడా లేదు. నల్లటి గట్టి ఎముక బొమ్మ ఉంది, గోరు నొక్కితే గోరే వంగింది. మెరిసే నక్కపిల్ల బొమ్మ ఉంది, కళ్ళు జిగురుతో అతికించారు. ఒక కన్ను ఆమె చేతికే ఊడొచ్చింది.

"అయ్యో, అది పీకొద్దక్కా" అన్నాడు కమాల్ బాషా.

"నేను పీకలేదప్పా, ముట్టుకున్నా అంతే."

మగ్గులోని తోలు ఎముక అప్పటికి జిగటగా మెత్తబడి, ముడి విప్పుకుని లావెక్కింది. ఇద్దరూ వంగి చూశారు. ఎస్తరమ్మ చేయి తనకు తెలియకుండానే గొంతు మీదికి పోయింది.

చివరికి ఒక ఎర్రటి రబ్బరు బొమ్మ బయటపడింది. లావుగా, బొంగరంలా, నడుమ బొక్కతో ఉంది. ఏదీ అతికించలేదు. గోరు నొక్కితే కొంచెం దిగి మళ్ళీ పైకొచ్చింది. దారం కొలతకు మించి ఉంది. ఆమె దాన్ని వాసన చూసింది, రెండు చేతులా మెలిపెట్టింది, వెలుతురులో పెట్టి పగుళ్ళు ఉన్నాయేమోనని తిప్పింది.

"అల్లుణ్ణి ఎంచుకునేటప్పుడు గూడ ఇంత సూడరక్కా" అన్నాడు కమాల్ బాషా.

"అల్లుణ్ణి నమిలేది ల్యా కదప్పా."

అతను పగలబడి నవ్వాడు. ఆయన పోయాక ఆమె మాటకు ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఆమె మాత్రం నవ్వలేదు. గుల్జార్‌బీ ఫోను ఎందుకు ఎత్తడం లేదా అని అప్పటికే మళ్ళీ నంబరు నొక్కుతోంది.

ఆ రబ్బరు బొమ్మతో ఇంట్లో కొంత నెమ్మది వచ్చింది. బొక్కలో కాస్త పెరుగన్నం కూరి ఇస్తే దూది గంటసేపు దానితోనే ఉండేది. ఎస్తరమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. సాయంత్రం దాన్ని కడిగి, ఎక్కడైనా చిన్న పెచ్చు లేచిందేమోనని వేలితో తడిమేది. ఫోను మోగితే లేచేది కాదు. చర్చికి పోవడం తగ్గించింది. పోయినా పాస్టరయ్యగారు వాక్యం చెబుతుండగానే లేచి వచ్చేది.

బొమ్మల భయం తగ్గిందనుకునేలోపు మనుషుల భయం పట్టుకుంది. ఎస్తరమ్మ వాళ్ళ ఇళ్ళల్లో కాకికి ముద్ద పెట్టడం మానేసి తరాలయింది. తాతల కాలంలో దొరల మిషను వాళ్ళు వచ్చి బాప్తిస్మం ఇచ్చినప్పుడే అది పోయింది. కానీ చేయి ఊరుకోదు కదా. పోయిన మనిషి పేరు చెప్పి ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పెట్టాలని ఆ చేతికి ఉంటుంది. ఎబినేజర్ పోయాక ఆ చేతులన్నీ దూది వైపు తిరిగాయి. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ఒడిలోంచి బిస్కెట్టో, బూందీ గింజలో, కోడి ఎముకో తీసేవారు. "ఆయప్ప సాకిన జీవం, తిన్నీలేమ్మా" అనేవారు. వద్దని అంటే ఆయనకు వద్దన్నట్టే మొహం పెట్టేవారు. ఎస్తరమ్మ వాళ్ళకు కాఫీ ఇస్తూ కళ్ళు మాత్రం వాళ్ళ గుప్పిళ్ళ మీదే పెట్టేది.

సంవత్సరం తిరిగింది. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ఆయన అక్క ప్రమీలమ్మ పులివెందుల నుంచి ముందురోజే దిగింది, కొడుకు వినోద్ కుమార్ కారులో. పొట్టేలు మాంసానికి ఆమే చెప్పి పెట్టింది, షామియానా ఆమే వేయించింది. తమ్ముడంటే ప్రాణం ఆమెకు. తల్లి పోయాక ఎత్తుకు తిరిగి పెంచింది తనే. వచ్చీ రాగానే రబ్బరు బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"టైరు ముక్క నమిలిస్తాండావా దీంతో?"

"డాక్టరమ్మ జెప్పింది వదినా. బొమికలు పెట్టొద్దంట. ఉడికినేటివి సూదుల్లెక్క చీలతాయంట."

"ఆ డాక్టరమ్మ జన్మలో మాంసం తినుంటాదా?" అంది ప్రమీలమ్మ. "నా తమ్ముడు ఆదివారమొస్తే ఈ మెట్టు మీద కూసోని నల్లి బొమిక దీనికి పెట్టకుండా చెయ్యి కడిగేటోడా?"

నిజమే, ఆయన పెట్టేవాడు. అది నమిలినంత సేపూ పక్కనే కూర్చునేవాడు కూడా. ఆ మాట నోటి దాకా వచ్చింది ఎస్తరమ్మకు. ఆడబిడ్డకు ఎదురు చెప్పడం ఈ ముప్పై ఏళ్ళలో అలవాటు లేదు. 

కూడిక రోజు దూదిని లోపలి గదిలో కట్టేసి, రబ్బరు బొమ్మ ముందర పెట్టి, తలుపు దగ్గరగా వేసింది. పాటలయ్యాయి, వాక్యం అయింది. షామియానా కింద మొదటి పంక్తికి వడ్డించారు. పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆహారం కోసం, ఆ కుటుంబం కోసం పాస్టరయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన పొడుగని అందరికీ తెలుసు. ఎస్తరమ్మ ముందు వరుసలో తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది.

"ప్రభువా, ఒంటరియైన నీ దాసురాలు ఎస్తరమ్మను నీ రెక్కల నీడలో..."

టక్ మని ఒక చప్పుడు. ఎక్కడో కుర్చీల కింద. ఆ తర్వాత పర పర పర.

 కళ్ళు తెరవకూడదు. తన కోసమే ప్రార్థిస్తున్నారు. బంధువులంతా తల వంచుకుని ఉన్నారు. గదిలో కట్టేసిన కుక్క ఇక్కడికి ఎలా వస్తుంది, వేరే ఏదో చప్పుడై ఉంటుందిలే, అనుకోబోయింది. ఏమీ కాదులే అనుకుని వాము పొడి కొట్టిన మధ్యాహ్నం రోకలి బరువుతో సహా చేతికి గుర్తొచ్చింది. కళ్ళు తెరిచింది.

ప్రమీలమ్మ కుర్చీ కింద దూది. ముందు కాళ్ళ మధ్య నల్లి ఎముక. మెడను ఒక పక్కకు వాల్చి వెనక పండ్లతో కొరుకుతోంది.

ఎస్తరమ్మ లేచింది. పళ్ళెం ఒళ్ళోంచి జారి, రసం చీర మీద ఒలికింది. కళ్ళు మూసుకున్న మనుషుల మధ్యన మోకాళ్ళ మీద పడి, కుర్చీ కిందికి దూరి ఎముకను పట్టుకుంది. దూది గుర్రుమంది. ఆమె మీద అది ఎప్పుడూ గుర్రుమనలేదు. వేలు కరిచింది. ఆమె వదల్లేదు. రెండు బొటనవేళ్ళతో దవడలు తెరిచి, నాలుక పక్కన నిలువుగా గుచ్చుకుని ఉన్న పెచ్చును లాగి తీసింది. ఎముకను వెలుతురులోకి తెచ్చి చూసింది. ఒక కొన విరిగింది. చేతిలోని పెచ్చు ఆ విరిగిన చోటును నింపడం లేదు.

ప్రార్థన ఆగిపోయింది. ఆమేన్ ఎవరూ అనలేదు.

"ఏంది ఎస్తరూ ఇది, దేవుని ముందర?" అంది ప్రమీలమ్మ. "ఇంటాయన కూడికకు ఇంట్లో కుక్కను కట్టేస్తారా అని నేనే ఇడిపించినా. నా తమ్మునికి పెట్టుకున్నట్ల నా చేత్తో దానికింత పెట్టుకున్నా. ప్రార్థనలో లేసొస్తావా దానికి?"

"దేవుడు సూస్తానే ఉండాడు వదినా. నేను గూడ సూడల్ల." ఎముకను ఎత్తి విరిగిన కొన చూపించింది. "ఇంకో ముక్క ఉండాది. అందరూ కాళ్ళెత్తండప్పా. కింద పడిందేమో సూడండి."

పళ్ళేలు పట్టుకుని అందరూ కాళ్ళెత్తారు. పాస్టరయ్యగారు కూడా చెప్పులు పక్కకు జరిపి చూశారు. షామియానా కింద ఎక్కడా ఆ ముక్క లేదు.

ఫోనులో తన్మయి గొంతు గబగబా వినిపించింది. కక్కించొద్దు. ఏమీ తినిపించొద్దు. ప్రొద్దుటూరులో ప్రైవేటు డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీస్తారు, వెంటనే తీసుకుపోండి. వినోద్ కుమార్ కారు తీశాడు. భర్త కూడికను సగంలో వదిలి, రసం మరకల చీరతోనే ఎస్తరమ్మ కుక్కను ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది. అవతలి తలుపు తీసుకుని ప్రమీలమ్మ ఎక్కింది. ఆమె చెయ్యి కూడా కడుక్కోలేదు.

 దూది నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. ఎస్తరమ్మ దాని కడుపు మీద అరచేయి ఆనించి, బిగుసుకుంటోందా, మెత్తగా ఉందా అని ప్రతి గుంతకూ తడిమి చూసుకుంటోంది. ఎప్పటికో ప్రమీలమ్మ కిటికీ వైపు తిరిగి అంది:

"ఇది సచ్చిపోతే, నేను సంపినట్లేనా?"

ఏం కాదులే వదినా అనాలి. అందరూ అనేది అదే.  ఆ మాటను ఒకసారి నమ్మింది ఎస్తరమ్మ.

"నాకు తెల్దు వదినా" అంది.

ప్రమీలమ్మ కాస్త దగ్గరికి జరిగి, ఆరిపోయిన మసాలా చేత్తోనే దూది వెనక కాలు పట్టుకుని కూర్చుంది.

ఎక్స్‌రేలో ఆ ముక్క తెల్లగా కనబడింది. బియ్యపు గింజ కంటే కొంచెం పొడుగు, ఒక కొస సన్నగా ఉంది. గొంతు దాటి కడుపులో ఉంది. డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు. చిన్నదే, దానంతట అది బయటికి రావచ్చు, రాకపోతే కోయాల్సి ఉంటుంది అన్నాడు. మెత్తగా ఉడికించిన అన్నం కొంచెం కొంచెం పెట్టమన్నాడు. కక్కినా, కడుపు బిగిసినా, నెత్తురు కనబడినా ఆ క్షణమే తీసుకురమ్మన్నాడు.

ప్రమీలమ్మ పులివెందులకు పోలేదు. కొడుకును పంపించేసి తను ఉండిపోయింది. ఒకరు అన్నం కలిపితే ఒకరు కడుపు తడిమేవారు. ఒకరు కునుకు తీస్తే ఒకరు కూర్చునేవారు. దూది రబ్బరు బొమ్మ వైపు కూడా చూడకుండా మూలన పడుకుంది. మరుసటి రోజంతా అది దొడ్డికి పోలేదు. అడుగడుగునా దాని వెనకే ఇద్దరూ పెరట్లోకి పోవడం, ఒట్టి చేతులతో తిరిగి రావడం.

ఆ పైరోజు పొద్దున పోయింది.

ఇద్దరూ చీపురు పుల్లలు పట్టుకుని గొంతుక్కూర్చున్నారు. ప్రమీలమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే పాస్టరమ్మగారు ఇడ్లీ క్యారియరు పట్టుకుని పెరటి దారిన వచ్చారు.

"ఏం పోగొట్టుకున్నారమ్మా, చెవి దిద్దా?"

"పోగొట్టుకున్నేది గాదమ్మగారూ" అంది ప్రమీలమ్మ తలెత్తకుండా. "మీరు ఆడ్నే నిలబడండి, దగ్గరికి రావొద్దండి."

ఎస్తరమ్మ పుల్ల కొసకు ఏదో గట్టిగా తగిలింది. నీళ్ళు పోసి కడిగింది. దాచి పెట్టిన నల్లి ఎముకను ప్రమీలమ్మ తెచ్చింది. ముక్కను విరిగిన చోట ఆనించి, ఎస్తరమ్మ కొంగులో ఉన్న పెచ్చునూ ఆనించి చూశారు. రెండూ అమరాయి. నడుమ ఒక వెంట్రుక సందు మిగిలింది.

"స్తోత్రం" అంది ప్రమీలమ్మ. అని, ఆ సందును మళ్ళీ చూసింది. "ఇదేమైందే?"

"పొడైపోయుంటాదిలే వదినా."

"పొడే అని ఎట్ల జెప్తావు?"

ఇద్దరూ ఇంకోసారి పుల్లలు తీసుకున్నారు. పాస్టరమ్మగారు క్యారియరు అరుగు మీద పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తనూ దూరం నుంచే వెదకసాగారు. ఏమీ దొరకలేదు. సాయంత్రానికి దూది లేచి గిన్నె దగ్గరికి వచ్చి మొరిగింది, ఆకలి మొరుగుడు. తన్మయి వచ్చి కడుపు నొక్కి చూసి, ఇక పరవాలేదమ్మా అంది. ఎస్తరమ్మ ఆ మాట విన్నది. విన్నా ఇంకో వారం దాకా చీపురు పుల్ల పారేయలేదు.

ప్రమీలమ్మ పులివెందులకు పోయాక రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. అంతకు ముందు నెలకోసారి చేసేది, తిన్నావా, పడుకున్నావా అని అడిగేది. ఇప్పుడు ఆ ప్రశ్నలు లేవు. ఎస్తరమ్మ కూడా ఇప్పుడు ఫోనును రెండోసారి మోగనివ్వదు.

"ఏం నములుతాంది?"

"రబ్బరుదే వదినా."

"సూసి జెప్తాండావా, ఊరికే జెప్తాండావా?"

"సూసే జెప్తాండా. ఎదురుగానే ఉండా."

"పెచ్చేమన్నా లేసిందా దానికి?"

"ల్యా. పొద్దన కడిగి సూసినా."

"చుట్టాలెవరన్నా వచ్చినారా? ఎవరన్నా ఏమన్నా పెట్టినారా?"

"ఎవరూ రాలా."

 

"ఎందుకైనా మంచిది, నోరు తెరిచి సూడు."

ఎస్తరమ్మ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పీట ముందుకు జరుపుకుని, దూది దవడలు తెరుస్తుంది. అది ఇప్పుడు గుర్రుమనదు, విసుగ్గా కళ్ళు మూసుకుని తెరవనిస్తుంది. దీపం వెలుతురులోకి తిప్పి, నాలుక ఎత్తి, అటూ ఇటూ చూస్తుంది.

"ఏముంది?"

"పండ్లు ఉండాయి వదినా. నాలుకుండాది."

"ఇంకేం ల్యా కదా?"

"ల్యా" అంటుంది ఎస్తరమ్మ. అని, ఇంకోసారి చూస్తుంది.